తెరమీది యంత్రం, వినేవాడి స్వభావం: చలనచిత్రాలలో మేలిరకం శ్రవ్యోపకరణాల గుర్తింపు - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

చలనచిత్రాలలోనూ టెలివిజన్ ధారావాహికలలోనూ పాత్రల ఇళ్లలో కనిపించే ఖరీదైన సంగీతయంత్రాలను పోల్చి గుర్తుపట్టడం ధ్వనిప్రియులకు చాలాకాలంగా ఉన్న వ్యాపకం. పైకి కాలక్షేపంగా కనిపించే ఈ పని నిజానికి ఒక పఠనపద్ధతి. వస్తువు పేరు, అది తయారైన కాలం, అది పనిచేసే తీరు తెలిసినప్పుడు పాత్రను గురించి సంభాషణలు చెప్పని సంగతులు బయటపడతాయి. ఈ వ్యాసం కొన్ని ఆంగ్ల, ఫ్రెంచి చిత్రాలను, ‘బాష్’ అనే అమెరికన్ ధారావాహికను ఆధారంగా చేసుకుని ఈ గుర్తింపు ఎలా జరుగుతుందో వివరిస్తుంది. భరతుని ఆహార్యాభినయ విభాగం, క్షేమేంద్రుని ఔచిత్యవిచారం ఇటువంటి పఠనానికి ఎంతవరకు ఉపకరిస్తాయో పరిశీలిస్తుంది. మంచి యంత్రం ఉన్నవాడు మంచి శ్రోత, మంచి శ్రోత సహృదయుడు అనే ఊహను సినిమా ఎక్కడ నిలబెట్టిందో, ఎక్కడ పడగొట్టిందో చర్చిస్తుంది.

కీలకపదాలు: ఆహార్యం, పుస్తం, ఔచిత్యం, సహృదయుడు, గ్రామఫోను, వాల్వు ఆంప్లిఫయర్, నాగ్రా, చలనచిత్ర వస్తుసామగ్రి.

1. ఉపోద్ఘాతం

నాట్యశాస్త్రంలో భరతుడు ఆహార్యాభినయాన్ని పుస్తం, అలంకారం, అంగరచన, సంజీవం అని నాలుగు విధాలుగా విభజించాడు. వీటిలో పుస్తం అంటే రంగస్థలం మీద చూపడానికి తయారుచేసుకొనే కొండలు, విమానాలు, ఆయుధాలు మొదలైన వస్తుసామగ్రి. యంత్రసహాయంతో కదిలే పుస్తానికి వ్యాజిమం అని పేరు. అసలు లోహంతో చేసిన బరువైన వస్తువులను రంగం మీదికి తేవద్దనీ, మోసే నటులు అలసిపోతారనీ, లక్క, కర్ర, తోలు వంటి వాటితో తేలికగా చేసుకోవాలనీ ఆ శాస్త్రం సూచిస్తుంది. నాటకంలో వస్తువు ఒక సంకేతం. అది నిజమైనది కానక్కరలేదు.

సినిమా ఈ నియమాన్ని తలకిందులు చేసింది. కెమెరా దగ్గరగా వెళ్లి చూస్తుంది కాబట్టి లక్కతో చేసిన గ్రామఫోను అక్కడ చెల్లదు. కళాదర్శకుడు నిజమైన యంత్రాన్నే తెచ్చి పెట్టాలి. నిజమైన యంత్రం వచ్చిందంటే దానితోపాటు దాని చరిత్ర కూడా వస్తుంది. ఏ సంవత్సరంలో తయారైంది, ఎవరు కొనేవారు, ఎంత ధర, ఏ లోపాలున్నాయి అన్నవన్నీ దర్శకుడు ఉద్దేశించినా ఉద్దేశించకపోయినా తెరమీదికి ఎక్కుతాయి. అలా ఎక్కినవాటిని చదవడమే ఈ వ్యాసంలో ‘గుర్తింపు’ అనే మాటకు అర్థం.

‘హై-ఎండ్’ అనే మాట విషయంలో కొంత జాగ్రత్త అవసరం. 1950లలో ‘హై-ఫై’ అంటే మూలధ్వనికి విధేయంగా ఉండే పునరుత్పత్తి అని అర్థం. తరువాత ఆ మాట ప్రతి పెట్టె మీదా అచ్చుపడి విలువ కోల్పోయింది. 1973లో హ్యారీ పియర్సన్ అమెరికాలో ప్రారంభించిన ‘ది ఆబ్సల్యూట్ సౌండ్’ పత్రిక చుట్టూ, ధర కన్నా వినికిడినే ప్రమాణంగా తీసుకొనే యంత్రాలకు ‘హై-ఎండ్’ అనే వ్యవహారం స్థిరపడింది. కాలక్రమంలో ఈ మాటకు కూడా అదే గతి పట్టి, ఇప్పుడు ఎక్కువగా ధరనే సూచిస్తున్నది. ఈ వ్యాసంలో ‘మేలిరకం’ అన్నది మొదటి అర్థంలోనే.

2. ఆనవాళ్లు

యంత్రాన్ని గుర్తుపట్టడానికి పేరుపలక చాలుననుకోవడం పొరపాటు. చాలా చిత్రాలలో పేరుపలకే కనిపించదు. వ్యాపారసంస్థతో ఒప్పందం లేనప్పుడు పేరును పట్టీతో మూయడమో, అక్షరాలు మార్చడమో, తరువాత దృశ్యంలో మసకపరచడమో చేస్తారు. అందువల్ల అనుభవమున్నవారు పేరును కాక ఆకారాన్ని చూస్తారు. మన లిపిశాస్త్రజ్ఞులు శాసనంలో తేదీ చెరిగిపోయినా అక్షరాల తలకట్టు చూసి కాలాన్ని నిర్ణయించినట్లే ఇదీ జరుగుతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. టెక్నిక్స్ సంస్థ ఎస్‌ఎల్-1200 అనే టర్న్‌టేబుల్‌ను 1972లో విడుదల చేసింది. పళ్లెం అంచున చుక్కల వరుసలు, పక్కన ఎర్రని దీపమున్న చిన్న స్తంభం, ఎస్ ఆకారంలో వంగిన చేయి చూసి దీనిని పోలుస్తారు. అయితే నేడు ప్రపంచమంతా ఎరిగిన రూపం 1979లో వచ్చిన రెండవ నమూనాది. వేగాన్ని హెచ్చుతగ్గులు చేయడానికి కుడివైపున పొడవాటి జారుడుమీట అందులోనే వచ్చింది. మొదటి నమూనాలో ఆ పనికి చిన్న తిప్పుడుమీటలు ఉండేవి. కాబట్టి 1975లో జరిగినట్లు చెప్పే కథలో జారుడుమీట కనిపిస్తే కళావిభాగం నాలుగేళ్లు ముందుకు నడిచిందని తెలిసిపోతుంది.

వాల్వు ఆంప్లిఫయర్ల విషయం ఇంకా సూక్ష్మంగా ఉంటుంది. మెకింటాష్ సంస్థ 1960ల తొలినాళ్లలో ఎంసీ240, ఎంసీ275 అనే రెండు స్టీరియో ఆంప్లిఫయర్లను తయారుచేసింది. మెరిసే క్రోమియపు పీఠం, వెనుక వరుసగా నల్లని ట్రాన్స్‌ఫార్మర్లు, ముందు వాల్వులు. దూరం నుంచి రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి. తేడా వాల్వుల శరీరంలో ఉన్నది. 240లో 6ఎల్6 జాతి వాల్వులు, 275లో వాటికన్నా బొద్దుగా ఉండే కేటీ88 వాల్వులు. 275ను సంస్థ తరువాతి దశాబ్దాలలో మళ్లీ తయారుచేసింది. ఈమధ్యకాలపు ప్రతులలో వాల్వుల అడుగున ఆకుపచ్చని చిన్న దీపాలు వెలుగుతాయి. అసలు వాల్వుకు ఉండేది లోపలి తంతువు ఎర్రదనం మాత్రమే. ఆకుపచ్చ కాంతి కనిపించిందంటే ఆ యంత్రం తాతల నాటిది కాదు, తాత వేషం వేసుకున్న మనవడు.

పరిశోధకులు ఇక్కడ గమనించవలసినది ఒకటున్నది. ఈ ఆనవాళ్లు వస్తువును గుర్తించడానికే కాదు, వస్తువు ఎన్నడు ఆ ఇంటికి వచ్చి ఉంటుందో ఊహించడానికి కూడా పనికివస్తాయి. కింది ఉదాహరణలో ఈ రెండవ ప్రయోజనమే ముఖ్యమైనది.

3. బాష్ ఇంటి యంత్రం

మైకేల్ కానెలీ రచించిన నవలల ఆధారంగా వచ్చిన ‘బాష్’ ధారావాహిక 2014లో తొలిభాగంతో మొదలై 2021 దాకా ఏడు సీజన్లుగా వెలువడింది. కథానాయకుడు హ్యారీ బాష్ లాస్ ఏంజెలెస్ నగరంలో హత్యకేసులు పరిశోధించే పోలీసు అధికారి. పాత్రను టైటస్ వెలివర్ పోషించాడు. హాలీవుడ్ కొండల అంచున స్తంభాల మీద నిలబెట్టిన గాజుటిల్లు అతనిది. రాత్రి పొద్దుపోయాక ఇంటికి వచ్చి, కిందనున్న నగరదీపాలను చూస్తూ జాజ్ సంగీతం వింటాడు. ఈ ఇంట్లోని సంగీతయంత్రం ధ్వనిప్రియుల మధ్య ఎంతగానో చర్చకు వచ్చింది.

దానిలో భాగాలు నాలుగు. రేడియో ట్యూనరు, ప్రీ-ఆంప్లిఫయరు కలిసిన మెకింటాష్ ఎంఎక్స్110, పైన చెప్పిన ఎంసీ240 వాల్వు ఆంప్లిఫయరు, మరాంట్జ్ 6300 టర్న్‌టేబుల్, ఓమ్ వాల్ష్ 4 స్పీకర్లు. పేర్ల దగ్గర ఆగిపోతే ఇది ఒక జాబితా మాత్రమే. తయారైన కాలాలను పక్కపక్కన పెట్టినప్పుడు కథ మొదలవుతుంది. మెకింటాష్ యంత్రాలు రెండూ 1960లవి. టర్న్‌టేబుల్ 1970లది. స్పీకర్లు 1980లవి. ఒకే దుకాణంలో ఒకే రోజున డబ్బు పోసి కొన్న సామగ్రి అయితే ఇలా ఉండదు. ఒక్కో దశాబ్దం నుంచి ఒక్కో వస్తువు వచ్చి చేరినది కాబట్టి ఇది కూడబెట్టిన సొత్తు. పాతసామాను అంగళ్లలో వెతికి, పాడైనదాన్ని బాగుచేయించి, ఒకటి కుదిరాక మరొకదాని కోసం ఆగి సమకూర్చుకొన్న మనిషి మనకు కనిపిస్తాడు. నిజానికి చిత్రీకరణ కోసం కళావిభాగం ఒకేసారి తెచ్చి ఉండవచ్చు. ప్రేక్షకుడు చదివేది మాత్రం పాత్ర జీవితాన్నే.

పోలీసు జీతంతో కొండమీద గాజుటిల్లు ఎలా సాధ్యమన్న ప్రశ్న సహజం. తన కేసు ఒకటి సినిమాగా తీసినప్పుడు వచ్చిన సొమ్ముతో బాష్ ఆ ఇల్లు కొన్నాడని కథే సమాధానం చెబుతుంది. సంగీతయంత్రం గురించి అటువంటి వివరణ ఏదీ అవసరం కాలేదు. పాత వస్తువుల కూర్పు కావడమే దానికి వివరణ. ఇక్కడ సరికొత్త మిరుమిట్ల యంత్రం పెట్టి ఉంటే పాత్ర నిజాయితీ మీదనే అనుమానం వచ్చేది. లంచం తీసుకోని అధికారి అని ఏ పాత్రా నోరు విప్పి చెప్పకుండానే పాత టర్న్‌టేబుల్ ఆ పని చేస్తున్నది.

యంత్రం మీద వినే సంగీతం కూడా ఈ కూర్పుకు తగినదే. బాష్‌కు ఇష్టమైన సాక్సఫోన్ విద్వాంసులలో ఆర్ట్ పెప్పర్, ఫ్రాంక్ మోర్గన్ ముఖ్యులు. ఇద్దరూ మాదకద్రవ్యాల బారినపడి జైళ్లలో ఏళ్లు గడిపి, మళ్లీ వాద్యం చేతపట్టి నిలదొక్కుకున్నవారు. మోర్గన్ జీవితం మీద 2014లో వచ్చిన ‘సౌండ్ ఆఫ్ రిడెంప్షన్’ అనే వాస్తవికచిత్రానికి కానెలీయే నిర్మాత. హత్యకు గురైన తల్లి కొడుకుగా, అనాథశరణాలయాలలో పెరిగిన బాష్ పడిలేచినవారి సంగీతాన్నే వినడం, అదీ పడిలేచిన యంత్రాల మీద వినడం, స్వభావౌచిత్యానికి చక్కని ఉదాహరణ.

ఓమ్ స్పీకర్ల గురించి ఒక మాట చెప్పాలి. లింకన్ వాల్ష్ అనే ఇంజనీరు ఊహించిన పద్ధతి నుంచి వచ్చిన ఈ స్పీకర్లు శబ్దాన్ని ఎదుటి కుర్చీకి గురిపెట్టి పంపవు. పక్కలకు కూడా విశాలంగా వెదజల్లుతాయి. మామూలు స్పీకర్ల ముందు శ్రోత సరిగ్గా మధ్యన కూర్చుంటేనే వాద్యాలు వాటి వాటి చోట్ల వినిపిస్తాయి. బాష్ కూర్చోడు. గాజుతలుపు తెరిచి వసారాలోకి నడుస్తాడు, కేసు కాగితాలు పరచుకుంటాడు, నిలబడే తాగుతాడు. తిరిగే మనిషికి తగిన స్పీకర్లు అవి. ఇది కళావిభాగం తెలిసి చేసినదో, కాకతాళీయమో అన్న విచికిత్సకన్నా, కుదిరిందా లేదా అన్నదే ఔచిత్యవిమర్శకు ప్రధానం.

4. సహృదయుడు అనే ప్రశ్న

మన అలంకారశాస్త్రంలో సహృదయుడు కావ్యార్థంతో తన్మయం కాగల మనసున్నవాడు. కళను ఆస్వాదించగలగడం హృదయసంస్కారానికి గుర్తు అన్న నమ్మకం ఆ మాటలోనే ఉన్నది. బాష్ పాత్ర ఈ నమ్మకాన్ని నిలబెడుతుంది. కాని పాశ్చాత్య సినిమాలో దీనికి సరిగ్గా ఎదురునడిచే పాయ ఒకటుంది.

ఆంథొనీ బర్జెస్ 1962లో రాసిన నవలను స్టాన్లీ క్యూబ్రిక్ 1971లో ‘ఎ క్లాక్‌వర్క్ ఆరెంజ్’ పేరుతో చిత్రంగా తీశాడు. హింసలో ఆనందం పొందే యువకుడు అలెక్స్‌కు బీథోవెన్ అంటే ప్రాణం. ఈ చిత్రంలో కనిపించే ట్రాన్‌స్క్రిప్టర్స్ హైడ్రాలిక్ రిఫరెన్స్ టర్న్‌టేబుల్‌ను ధ్వనిప్రియులు ఒక్క చూపులో పోల్చుకుంటారు. ఇంగ్లండులో డేవిడ్ గామన్ 1960లలో రూపొందించిన యంత్రం అది. రికార్డు పళ్లెం మీద పూర్తిగా ఆనదు. పళ్లెం మీద గుండ్రంగా అమర్చిన చిన్న లోహపు బరువుల మీద నిలబడుతుంది. చిక్కని సిలికోన్ ద్రవంలో ముంచిన రెక్క కలిగించే నిరోధంతో వేగాన్ని సరిచేస్తారు. ‘హైడ్రాలిక్’ అన్న పేరు అందువల్లనే వచ్చింది. కథ భవిష్యత్తులో జరుగుతుంది. కాని క్యూబ్రిక్ భవిష్యత్తును అట్టతో, రేకుతో తయారుచేయించలేదు. తన కాలంలో అంగట్లో దొరుకుతున్న వస్తువులలోనే రాబోయే కాలంలా కనిపించేదాన్ని ఎంచుకున్నాడు. ఆ ఎంపిక ఎంత దూరదృష్టితో కూడినదంటే, యాభై ఏళ్లు దాటినా ఆ యంత్రం ఇంకా రేపటిదిగానే అనిపిస్తుంది. అదే చిత్రంలో అలెక్స్ చేతిలోని బుల్లి క్యాసెట్ మాత్రం నిన్నటి వస్తువైపోయింది.

మేలైన చెవి, మేలైన యంత్రం, మేలైన సంగీతం మూడూ ఉన్నవాడు మనిషిని కొట్టి చంపగలడన్నది ఈ చిత్రం విసిరే సవాలు. ‘అమెరికన్ సైకో’ నవల (1991), మేరీ హారన్ దానిని మలచిన చిత్రం (2000) ఇదే సవాలును వ్యంగ్యంగా మారుస్తాయి. నవలలో పాట్రిక్ బేట్‌మన్ తన ఇంటి వస్తువులను సంస్థల పేర్లతో సహా పేజీల తరబడి ఏకరువు పెడతాడు. మన ప్రబంధాలలో పురవర్ణన, అలంకారవర్ణన చదివినవారికి ఈ జాబితాల పద్ధతి కొత్త కాదు. భేదమేమంటే ప్రబంధవర్ణనలో ప్రతి వస్తువూ నాయకుని వైభవాన్ని పెంచుతుంది, ఇక్కడ ప్రతి వస్తువూ లోపల మనిషి లేడన్న సంగతిని పెంచుతుంది. హత్యకు ముందు అతడు సీడీ పెట్టి, ఆ పాట గొప్పతనాన్ని ఒక సమీక్షకుడిలా విడమరచి చెబుతాడు. ఆ మాటల్లో వినికిడి లేదు, వినికిడి గురించి చదివిన పరిజ్ఞానమున్నది. ఈ దృశ్యం చూసినప్పుడల్లా సాహిత్యబోధకులు కూడా కొంత ఉలిక్కిపడవలసిందేనని నాకు అనిపిస్తుంది.

అడ్రియన్ లైన్ దర్శకత్వంలో 1986లో వచ్చిన ‘నైన్ అండ్ ఎ హాఫ్ వీక్స్’ చిత్రంలో కనిపించే నాకమిచి ఆర్‌ఎక్స్-505 క్యాసెట్ డెక్కుది మరొక తీరు. సాధారణంగా క్యాసెట్టు రెండోవైపు వినిపించాలంటే యంత్రం టేపును వెనక్కి నడుపుతుంది. అలా చేస్తే శబ్దనాణ్యత కొంత తగ్గుతుందని నాకమిచి ఇంజనీర్లు భావించి, క్యాసెట్టునే బయటికి తోసి, గిరుక్కున తిప్పి, మళ్లీ లోపలికి లాక్కొనే ఏర్పాటు చేశారు. మనిషి చేయి చేసే పనిని యంత్రం అచ్చంగా అనుకరిస్తుంది. వాల్ స్ట్రీట్‌లో పనిచేస్తూ ఎదుటి మనిషి ప్రతి కదలికనూ తన అధీనంలో ఉంచుకోవాలనుకొనే పాత్ర ఇంటికి ఇంతకన్నా తగిన యంత్రం దొరకదు.

అధికారం సంగతి వచ్చింది కాబట్టి ‘రిస్కీ బిజినెస్’ (1983) చిత్రాన్ని తలచుకోవాలి. షికాగో శివార్లలోని సంపన్న కుటుంబం. సంగీతయంత్రం తండ్రిది. గ్రాఫిక్ ఈక్వలైజర్ మీటలు తాను ఉంచిన చోటు నుంచి కదిలాయని అతడు కొడుకును మందలిస్తాడు. తల్లిదండ్రులు ఊరికి వెళ్లగానే కొడుకు చేసే మొదటి పనులలో ఒకటి ఆ మీటలను పైకి తోయడం. టామ్ క్రూజ్ మేజోళ్లతో జారుతూ చేసిన నృత్యం లోకమంతా ఎరిగినదే. దానికి ముందున్న ఆ వేళ్ల కదలిక లేకపోతే అది వట్టి నృత్యమే అయ్యేది. మన ఇళ్లలోనూ నాన్నగారి రేడియో ముల్లు జరిపితే ఏమయ్యేదో అనుభవమున్నవారికి ఈ దృశ్యం వేరే వివరణ కోరదు.

5. యంత్రమే సాక్షి

ఇంతవరకు చెప్పినవి వినే యంత్రాలు. ధ్వనిని పట్టే యంత్రాల చోటు సినిమాలో ఇంకా లోతైనది, ఎందుకంటే అవి సినిమావారి సొంత పనిముట్లు. పోలెండులో పుట్టి స్విట్జర్లాండులో స్థిరపడిన స్టెఫాన్ కుడెల్‌స్కీ 1951లో తొలి నాగ్రా టేపురికార్డరును తయారుచేశాడు. పోలిష్ భాషలో ‘నాగ్రా’ అంటే ‘రికార్డు చేస్తుంది’ అని అర్థం. భుజాన వేలాడదీసుకొని ఎక్కడికైనా తీసుకుపోగల ఈ యంత్రం దశాబ్దాలపాటు ప్రపంచమంతటా చిత్రీకరణస్థలాలలో ధ్వనికి ప్రామాణికమయింది. భారతీయ చిత్రపరిశ్రమలోనూ వాడుకలో ఉండేది.

జ్యాఁ-జాక్ బెనెక్స్ తీసిన ఫ్రెంచి చిత్రం ‘దివా’ (1981)లో తన గానాన్ని రికార్డు చేయడానికి ఒప్పుకోని ఒక ఒపేరా గాయని ఉంటుంది. ఆమెను ఆరాధించే తపాలాబంట్రోతు కచేరీలో రహస్యంగా నాగ్రా మీద ఆమె గొంతు పట్టుకుంటాడు. పేదవాడి చేతిలో అంత ఖరీదైన యంత్రమేమిటన్న ప్రశ్నే అతని ఆరాధన ఎంతటిదో చెబుతుంది. అదే సంవత్సరం బ్రయాన్ డి పాల్మా ‘బ్లో అవుట్’ వచ్చింది. చవక సినిమాలకు శబ్దాలు సమకూర్చే సాంకేతికుడు రాత్రివేళ వంతెన మీద గాలి చప్పుడు రికార్డు చేస్తుండగా ఒక కారు నీళ్లలో పడిపోతుంది. అతని టేపులో చక్రం పేలిన చప్పుడుకు ముందు మరొక చప్పుడున్నది. పత్రికలో అచ్చయిన నిశ్చలచిత్రాలను కత్తిరించి, వరుసగా చిత్రీకరించి, తన టేపుతో జోడించి, జరిగినదాన్ని అతడు మళ్లీ నిర్మిస్తాడు. తరువాత తన గదిలోని టేపులన్నీ ఎవరో చెరిపివేశారని తెలుసుకుంటాడు. ఇక్కడ యంత్రాన్ని పోల్చుకున్నవారికి ఉత్కంఠ మరొక మెట్టు పెరుగుతుంది. ఆ రికార్డరు ఎంత సన్నని శబ్దాన్నైనా పట్టగలదని వారికి తెలుసు కాబట్టి అతడు భ్రమపడ్డాడన్న వాదన వారు ఒప్పుకోలేరు.

కొప్పోలా ‘ది కాన్వర్సేషన్’ (1974)లో యంత్రం నమ్మదగినదే, మనిషి చెవే మోసపోతుంది. రహస్యసంభాషణలు పట్టడంలో ఆరితేరిన హ్యారీ కాల్ శాన్ ఫ్రాన్సిస్కో కూడలిలో ఒక జంట మాటలను పలుచోట్ల నుంచి పట్టి, టేపులను కలిపి, శుభ్రపరచి, ఒక వాక్యాన్ని వెలికితీస్తాడు. ఆ వాక్యంలో ఊనిక ఏ పదం మీద పడుతుందన్న దానిమీద చావుబతుకులు ఆధారపడి ఉంటాయి. కాకువు వల్ల అర్థం మారడం మన శాస్త్రాలకు పరిచితమైన విషయమే. పదాలన్నీ స్పష్టంగా వినిపించినా అర్థం అందకపోవచ్చునని ఇంత భయంకరంగా చెప్పిన చిత్రం మరొకటి నాకు తెలియదు. ఈ చిత్రానికి ధ్వనిరచన చేసినది వాల్టర్ మర్చ్.

6. అనౌచిత్యాలు

మొలనూలు మెడలో వేసుకుని హారాన్ని నడుముకు చుట్టుకుంటే నవ్వు పుట్టదా అని ‘ఔచిత్యవిచారచర్చ’లో క్షేమేంద్రుడు అడిగాడు. పదకొండవ శతాబ్దపు ఆ కాశ్మీర పండితుడు చెప్పిన 27 ఔచిత్యస్థానాలలో దేశం, కాలం, స్వభావం, అవస్థ కూడా ఉన్నాయి. తెరమీది సంగీతయంత్రాల విషయంలో ఈ నాలుగూ అక్షరాలా వర్తిస్తాయి.

కాలానౌచిత్యం గురించి పైన చెప్పాను. అంతకన్నా తరచుగా కనిపించేది క్రియకు సంబంధించిన అనౌచిత్యం. పాట మోగుతుంటుంది, టర్న్‌టేబుల్ చేయి దాని విశ్రాంతిస్థానంలోనే ఉంటుంది. ఆంప్లిఫయర్ నుంచి స్పీకర్లకు తీగలే ఉండవు. 33⅓ వేగంతో తిరగవలసిన రికార్డు 45 వేగంతో తిరుగుతుంది. వాల్వు ఆంప్లిఫయర్ మీట నొక్కిన మరుక్షణమే పాట వస్తుంది. వాల్వులు వేడెక్కడానికి కొంత సమయం పడుతుందని పాత రేడియోలు వాడిన మన పెద్దలందరికీ తెలుసు. ఆ నిరీక్షణ కూడా వినడంలో ఒక భాగంగా ఉండేది. సినిమా దానిని కోసివేస్తుంది.

వీటన్నిటికీ మూలకారణం ఒకటే. దృశ్యంలోని యంత్రం నుంచి మనకు వినిపించే పాట రాదు. సంభాషణ స్పష్టంగా పట్టడం కోసం చిత్రీకరణ సమయంలో యంత్రాన్ని సాధారణంగా మౌనంగానే ఉంచుతారు. పాటను తరువాత కలుపుతారు. దీనిని పాఠకులు స్వయంగా పరీక్షించుకోవచ్చు. ముల్లు కదిలే మీటర్లున్న ఆంప్లిఫయరు దగ్గరగా కనిపించే దృశ్యం దొరికితే, ముల్లు ఊగే తీరును పాట దరువుతో పోల్చి చూడాలి. రెండూ కలిస్తే ఆ యంత్రంలో నిజంగా ఏదో మోగుతున్నది. మీటరు నిద్రపోతుంటే యంత్రం వట్టి పుస్తమే. అసలు వస్తువును తెచ్చిపెట్టినా పలికించకపోతే అది భరతుడు చెప్పిన లక్కబొమ్మతో సమానమవుతుంది.

1950, 60ల తెలుగు సాంఘికచిత్రాలలో సంపన్నుల ఇంటి సెట్టు అంటే మలుపు తిరిగిన మెట్లు, టెలిఫోను, వాటితోపాటు రేడియోగ్రాము. తరగతిలో అటువంటి దృశ్యమొకటి చూపి, ఆ పెట్టె ఏమిటని అడిగితే ఒక విద్యార్థిని ‘షూ రాక్ కదా మేడమ్’ అన్నది. నవ్వు వచ్చిన మాట నిజమే కాని, తప్పు ఆమెది కాదు. ఆ పాత్ర పెట్టె మూత తెరచి, రికార్డు పెట్టి, ముల్లు ఆనించే దాకా దానిని సంగీతయంత్రమని చెప్పే ఆధారం ఈ తరానికి లేదు. కథ, పాటలు, నటీనటుల వివరాలు పోగుచేసినంత శ్రద్ధగా మన చిత్రాలలోని వస్తువులను కూడా పోల్చి నమోదు చేయవలసిన అవసరం ఇటువంటి చోటనే తెలుస్తుంది. వాటిని వాడినవారు మన మధ్య ఉన్నంతకాలమే ఆ పని సులభం.

7. తెర దాటిన వస్తువులు

సినిమాలో కనిపించడం వల్ల వస్తువు బతుకు కూడా మారుతుంది. సోనీ సంస్థ 1979 జూలైలో జపానులో విడుదల చేసిన తొలి వాక్‌మన్ టీపీఎస్-ఎల్2 మేలిరకం యంత్రాల కోవకు చెందదు. 2014లో ‘గార్డియన్స్ ఆఫ్ ది గెలాక్సీ’ చిత్రంలో నాయకునికి చనిపోయిన తల్లి గుర్తుగా మిగిలినవి ఆ వాక్‌మన్, ఒక క్యాసెట్టు. చిత్రం విడుదలయ్యాక పాతసామాను విపణిలో ఆ నమూనా ధరలు పెరిగిపోయాయి. పాటలను క్యాసెట్టు రూపంలో కూడా మళ్లీ విడుదల చేశారు. ఆ తొలి వాక్‌మన్‌కు ఇద్దరు కలిసి వినడానికి రెండు హెడ్‌ఫోన్ రంధ్రాలున్నాయి. సంగీతం ఎరుగని లోకం నుంచి వచ్చిన గమోరా చెవులకు నాయకుడు తన హెడ్‌ఫోన్ తగిలించే దృశ్యంలో, తాను వినడం మానుకుని ఆమెకు వినిపిస్తాడు.

స్పైక్ లీ ‘డూ ద రైట్ థింగ్’ (1989)లోని యంత్రాన్ని ధ్వనిప్రియుల జాబితాలు సాధారణంగా పట్టించుకోవు. అది ప్రోమాక్స్ సూపర్ జంబో అనే భారీ బూమ్‌బాక్స్. మన వాడుకలో చెప్పాలంటే మోయలేనంత పెద్ద టూ-ఇన్-వన్. బ్రూక్లిన్ వీధిలో రేడియో రహీమ్ అనే నల్లజాతి యువకుడు దానిని మోసుకు తిరుగుతూ ఒకే పాటను వినిపిస్తుంటాడు. బ్యాటరీలు అయిపోయినప్పుడు దుకాణంలో పెద్ద సైజువి ఒకేసారి 20 అడుగుతాడు. గాజుటిల్లు లేనివానికి వీధే శ్రవణమందిరం. తన చెవికి, తన జేబుకు అందినంతలో అతడు కొన్న మేలిరకం యంత్రం అదే. పిజ్జా దుకాణం యజమాని బేస్‌బాల్ కర్రతో దానిని పగలగొడతాడు. ఆ తరువాత జరిగిన పెనుగులాటలో పోలీసులు రహీమ్ మెడ బిగించి చంపుతారు. చిత్రంలో వాడిన ఆ బూమ్‌బాక్స్ ఇప్పుడు వాషింగ్టన్‌లో స్మిత్‌సోనియన్ సంస్థకు చెందిన ఆఫ్రికన్ అమెరికన్ చరిత్ర, సంస్కృతుల జాతీయ మ్యూజియం సేకరణలో ఉన్నది.